పాలమూరు పంటకు పరదేశ న్యాయము

యాసంగి వేరుశనగ రాశులు పాలమూరు సీమలోని కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మార్కెట్ యార్డులకు చేరు దినములలో, ఖరీదుదారు పలుకు ధర సముద్రమున కావల కుదిరిన ఒప్పందములకును, అచ్చటి శాసనములకును లోబడి యుండునని ఎఱిగిన రైతులు అరుదు. ఎఱుగకుండుట వారి దోషము కాదు. చెప్పవలసినవారు చెప్పకుండుటయే దోషము. భారతీయ వేరుశనగలో అఫ్లటాక్సిన్ అను బూజువిషము హద్దు మీరినదని 2025 సెప్టెంబరులో ఇండోనేషియా దిగుమతిని నిలిపివేసినప్పుడు, మన పల్లీలను అత్యధికముగా కొను దేశము అదియే యగుటచే, జకార్తాలో ఒక అధికారి చేసిన సంతకము మన దేశపు కల్లములన్నింటిని స్పృశించినది.

విదేశ విపణి యనగానే హైదరాబాదు ఔషధ సంస్థలును, సాఫ్ట్‌వేర్ సంస్థలును స్ఫురించుట సహజమే. కాని వస్తువు ఏ దేశమున అమ్ముడుపోవునో ఆ దేశపు చట్టము ఆ వస్తువు పుట్టిన చోటికే నడచివచ్చునను సత్యము మహాసంస్థకెంత వర్తించునో, పదిమంది రైతులు కలిసి పెట్టుకొన్న ఉత్పత్తిదారుల కంపెనీకిని అంతే వర్తించును. భేద మొక్కటే: మహాసంస్థకు న్యాయవాదులు కలరు, చిన్న కంపెనీకి లేరు.

ఈ బూజువిషపు కథ 1960లో ఇంగ్లండున మొదలైనది. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ పిండిని మేసిన టర్కీ కోళ్ళు లక్షకు పైగా చచ్చిపోగా, కారణమును వెదకిన శాస్త్రజ్ఞులకు ఈ విషము దొరకినది. నాటినుండి దేశములు ఒక్కొక్కటిగా హద్దులు విధించినవి. ఐరోపా సమాఖ్యలో నేరుగా తినుటకు అమ్ము పల్లీలలో ఈ విషము మొత్తము వంద కోట్ల పాళ్ళలో నాలుగు పాళ్ళు మించరాదు. కంటికి కనబడక, నాలుకకు తెలియక, పరీక్షకు మాత్రమే చిక్కు ఆ సూక్ష్మ పరిమాణమే ఓడ నిండ సరకును రేవునుండి వెనుకకు మరలింపగలదు.

మన జిల్లాలకు ప్రకృతి ఒసంగిన యొక సౌకర్యమును ఇచ్చట విస్మరింపరాదు. కాయ ముదురు దశలో నేల బెట్టకు వచ్చినప్పుడు ఈ బూజు కాయలోనికి చొచ్చును. పీకిన పిదప తేమ ఆరకముందే కుప్ప వేసినను పెరుగును. అందుచే వానకాలపు మెట్టపంటకు ప్రమాదము హెచ్చు. ఎల్లూరు వద్ద కృష్ణాజలమును ఎత్తిపోయు కల్వకుర్తి పథకపు కాలువల క్రిందను, బోర్ల క్రిందను, ఎఱ్ఱ చెల్కలలో యాసంగిలో పండు కాయకు, తడి వేళకు అందినచో, ఆ ప్రమాదము తక్కువ. అయినను ఈ శుభ్రత ధరగా మారుటకు ముందు కాగితముగా మారవలెను. ఐరోపాకు పోవు పల్లీలు కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ ఎగుమతుల సంస్థయైన అపెడా నమోదు పొందిన మిల్లులో శుద్ధియై, గుర్తింపు గల ప్రయోగశాల ధ్రువపత్రముతో బయలుదేరవలెను. మన యార్డులలోనో, మంచి రాశియు చెడ్డ రాశియు ఒకే లారీ కెక్కి, రేవు చేరునప్పటికి ఊరు పేరు లేని సరకగుచున్నవి. శ్రద్ధతో ఆరబెట్టిన రైతునకును, అశ్రద్ధ చేసిన రైతునకును ఒకే ధర లభించుట అన్యాయమని నేను నమ్ముచున్నాను.

దీనికి ఉపాయము దూరదేశమున వెదకనక్కరలేదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ విషమును పట్టుటకు రూపొందించిన ఎలైసా అను చౌకైన పరీక్ష, ఆఫ్రికాలోని మలావి దేశపు చిన్న రైతుల సంఘమునకు తోడ్పడి, అఫ్లటాక్సిన్ కారణముగా వారు కోల్పోయిన ఐరోపా విపణిలో వారి పల్లీలు మరల అడుగిడుటకు మార్గము చూపినది. మన ముంగిట పుట్టిన విద్య మహాసముద్రము దాటి మలావి రైతునకు అక్కఱకు వచ్చి, ఒక్కపూట ప్రయాణ దూరమున నున్న కల్వకుర్తి యార్డున కానరాకుండుట చూడగా మనస్సు కలుక్కుమనును.

సరకు శుద్ధియైనంతనే వ్యవహారము తీరదు, ఒప్పందమును గట్టిగా నుండవలెను. శ్రీకాకుళ సీమలోని రాజాం మూలముగా గల జి.ఎం.ఆర్. సంస్థ 2010లో మలేషియా భాగస్వామితో కూడి మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయమును ఇరువది యైదేండ్లు నిర్వహించు ఒప్పందము చేసికొన్నది. ప్రయాణికుని యొద్ద ఇరువది యైదు డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేయవచ్చునని ఒప్పందమున నుండగా, అది చెల్లదని 2011 డిసెంబరులో అచ్చటి న్యాయస్థానము తీర్పు చెప్పినది. మఱుసటి సంవత్సరము ప్రభుత్వము మారినది. నవంబరులో ఒప్పందమే చెల్లదని ప్రకటన వెలువడినది. సింగపూరు హైకోర్టు నిలుపుదల ఉత్తరువు నిచ్చినను, సార్వభౌమ ప్రభుత్వము తన విమానాశ్రయమును తాను తీసికొనుటను ఆపజాలమని అచ్చటి అప్పీలు న్యాయస్థానము ఆ ఉత్తరువును తొలగించినది. ఆస్తి పోయినది. కాని ఒప్పందమునకు ఇంగ్లండు చట్టము వర్తించునని, వివాదము సింగపూరులో మధ్యవర్తుల యెదుట తేలవలెనని ముందుగనే వ్రాసికొని యుండుటచే, 2014లో ఒప్పందము చెల్లునని మధ్యవర్తులు తేల్చిరి. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారము లభించినది. విమానాశ్రయమును దక్కింపలేకపోయినను, సొమ్మును దక్కించినవి ఒప్పందపు తుది పుటలలోని ఆ రెండు వాక్యములే.

ఒప్పందము ఎంత గట్టిదైనను తీరని నష్టములును కలవు. హైదరాబాదు ఔషధ సంస్థయైన డాక్టర్ రెడ్డీస్ 2006లో 48 కోట్ల యూరోలకు జర్మనీలోని బీటాఫార్మ్‌ను కొన్న కొలది కాలమునకే, అచ్చటి ఆరోగ్యబీమా విధానము మారి, మందులు టెండర్ల పద్ధతిన కొనుట మొదలగుటచే ధరలు పడిపోయినవి. అట్టి దెబ్బకు తాళగల శక్తి ఆ సంస్థకు గలదు. ఒక్క కంటెయినరు సరకు పంపి డబ్బుకై ఎదురుచూచు మన చిన్న వ్యాపారికి లేదు.

అట్టివానికి తెలియవలసినవి నిజమునకు కొన్నియే. అంతర్జాతీయ సరకు విక్రయములపై 1980లో వెలసిన వియన్నా ఒడంబడికలో భారతదేశము చేరలేదు. కావున ఏ దేశపు చట్టము వర్తించునో కాగితముపై వ్రాసికొనకున్నచో, ఆ సందేహముతోనే దావా మొదలగును. విదేశ మధ్యవర్తుల తీర్పులను మన్నించు 1958 నాటి న్యూయార్కు ఒడంబడికను మనము 1960లోనే అంగీకరించితిమి గాని, మన ప్రభుత్వము గెజిట్టున ప్రకటించిన దేశముల తీర్పులకే అది వర్తించును. మధ్యవర్తిత్వ స్థానమును కోరునప్పుడు ఆ పట్టికను చూడవలెను. 2020 జనవరి నుండి యు.ఎ.ఇ. న్యాయస్థానముల డిక్రీలను ఇచ్చటి జిల్లా కోర్టులోనే అమలు జరిపింపవచ్చును. గల్ఫుతో లావాదేవీలు గల తెలుగు కుటుంబములు ఈ మార్పును ఎంతమాత్రము ఉపేక్షింపరాదు. దుబాయిలోని బాకీ ఇంటి వాకిటికి రాగలదు.

సరకు పేరు విషయమునను ఇదే న్యాయము. గద్వాల చీరలకు లభించిన భౌగోళిక గుర్తింపును గూర్చి మనము గర్వించుచున్నాము, గర్వింపదగినదే. కాని 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టపు రక్షణ మన సరిహద్దు దగ్గరనే ఆగిపోవును. పరదేశమున మగ్గమెఱుగని నకిలీ వస్త్రము అదే పేరుతో అమ్ముడైనచో, ఆ దేశపు చట్టము క్రింద రక్షణ పొందనిదే అడ్డుకొనుట దుర్లభము. ఆ వ్యయమును నేతగాడు భరింపజాలడు, ప్రభుత్వము భరింపవలెను.

నేను కోరునది బృహత్పథకము కాదు. కల్వకుర్తి యార్డున ఒక పరీక్షాకేంద్రమును నెలకొల్పి, పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానపు పర్యవేక్షణలో నడుపవలెను. పరీక్షకు నిలిచిన రాశిని వేఱుగా తూచి వేఱుగా వేలము వేయవలెను. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు పరదేశ ఒప్పందములు చదివి చెప్పగల న్యాయవాదిని జిల్లాకొకనిగా నియమింపవలెను. ఆ ఒప్పందముల నమూనాలను తెలుగున అచ్చొత్తించి పంచవలెను. రానున్న యాసంగి పంట యార్డుకు చేరకముందే ఈ పనులకు పూనుకొనవలసినదిగా మార్కెట్ కమిటీలను, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల జిల్లాల కలెక్టర్లను, మన శాసనసభ్యులను అర్థించుచున్నాను.