మన ఇల్లు: జంపఖానా క్రింది నేల

పండుగలు దగ్గరపడుతున్నవంటే పెట్టెలలోని జంపఖానాలు బయటికి వస్తాయి. మనము జంపఖానా అనేదానినే ఇరుగుపొరుగు తమిళులు జమక్కాళం అంటారు. ధార్వాడ వైపున ఉన్న మన బంధువులకు అది జమఖానా. కావేరీ భవానీ నదుల సంగమమున నేసే రంగుపట్టీల జమక్కాళానికి, నవల్గుందులో స్త్రీలు నేసే దరీకి ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు ఉన్నది. వరంగల్లు దరీకి అది 2018లో లభించింది. ఇక ఏలూరి ఉన్ని తివాచీల మాట చెప్పనే అక్కరలేదు. వీటిలో ఏది కొనవలెనన్నది మరొకమారు ముచ్చటించుకొందాము. ఈ మాసము మా ధ్యాస అంతా వాటి క్రింది నేలమీదనే.

మన పాత ఇండ్లలో ఎర్రగచ్చు, చెట్టినాడు వైపు ఆత్తంగుడి బిళ్ళలు, మరికొన్నిచోట్ల కడపరాయి, షాబాదురాయి కనబడతాయి. ఎర్రగచ్చు సిమెంటులో ఎర్రరంగు కలిపి, పైపొరగా పూసి, నునుపుదేర్చినది. ఆ పొర ఎంతో పలుచన. ఒకచోట చెడితే అతుకు వేసినా పాతరంగుతో కలియదు; ఆ పని బాగుగా తెలిసిన మేస్త్రీలు నేడు అరుదు. అందుచేతనే చాలమంది “పైన ఏదైనా పరచి ఉంచితే నేల భద్రము గదా” అనుకొంటారు. అందులో సగమే నిజము. కాలిదుమ్ములోని సన్నని ఇసుక నేత సందులలోనుంచి క్రిందికి దిగి అక్కడే చేరుతుంది. పైన మనుష్యులు నడచినకొద్దీ అది ఉప్పుకాగితము రుద్దినట్లే నేలను రుద్దుతుంది. పైపైన ఊడ్చి ఊరుకొంటే లాభము లేదు. వారానికొకమారైనా ఎత్తి, దండెముమీద వేసి, వెనుకవైపునుంచి కొట్టి, నేలను ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరిన తరువాతనే మరల పరచవలె. గుమ్మము వెలుపల ఒక కొబ్బరిపీచు పట్టా వేసుకొన్నారంటే చాలావరకు ఇసుక అక్కడనే ఆగుతుంది.

తడి సంగతి మరీ ముఖ్యము. పాత ఇండ్లు అనేకమునకు పునాదిలో తేమను ఆపే పొర లేదు. వానకాలమున నేలలోని చెమ్మ పైకి ఎక్కుతుంది. తెరచి ఉన్న నేల ఆరిపోతుంది. మందపు తివాచీ క్రింద ఆ చెమ్మ నిలిచి గచ్చుమీద తెల్లని ఉప్పు పూస్తుంది, తివాచీకి బూజు పడుతుంది. తమిళదేశమున పెద్దవానలు సరిగా దీపావళి వేళకే వస్తాయి! కాబట్టి పండుగకు పరచినదానిని చుట్టములు వెళ్ళగానే ఎత్తివేయడము మేలు.

అడుగున రబ్బరు అంటించిన చౌకరకాలను మేము మెచ్చుకోము. కాలము గడచినకొద్దీ ఆ రబ్బరు పొడియై రాలుతుంది, లేదా నేలకు అంటుకుపోతుంది. వినైల్ నేలమీద అది వేసే పసుపుమరక వదలదు. అలాగని నున్నని పలకలమీద వట్టి జంపఖానా పరచినా ప్రమాదమే. అమ్మమ్మలు, తాతగార్లు ఉన్న ఇంట జారిపడి తుంటి విరిగితే మంచము దిగడము ఎంత కష్టమో అనేక కుటుంబాలకు అనుభవమే. వారి మంచమునుంచి స్నానాలగదికి పోయే దారిలో ఏదీ పరచవద్దు. తక్కినచోట్ల బరువైన సోఫా కాళ్ళు అంచును నొక్కిపట్టేటట్లు వేయండి. లేచిన అంచును, ఊడిన కుచ్చును ఆనాడే కుట్టించండి.

అందము మాటకు వస్తే, పూలబిళ్ళల నేలమీద పూలతివాచీ వేయడము మాకు రుచించదు. రెండు కచేరీలు ఒక్కసారి విన్నట్లుంటుంది. అచ్చట చారల జమక్కాళము చాలు, అదికూడ నడుమనున్న ముగ్గును కప్పకుండా.

కాఫీ ఒలికితే రుద్దక, పొడిగుడ్డతో అద్దవలె. క్రింద కడపరాయి ఉంటే మరకకు నిమ్మరసము, చింతపండు వాడరాదు. అది సున్నపురాయి జాతి. పులుపు తగిలితే మెరుపు పోతుంది.

దాచేటప్పుడు ఉన్ని తివాచీని మడత పెట్టక చుట్టి, పాత నూలుచీరలో కట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలుస్తుంది. చీకటిలో కదలక పడియున్న ఉన్నిని పురుగు తింటుంది, నెలకొకమారు విప్పి గాలికి వేయవలె. నూలు జంపఖానాకు ఆ బెడద అంతగా లేదు. దానికి ఎలుకలే శత్రువులు.