మేని మీది అచ్చుతప్పు

మన ఇండ్లలోని యువతీయువకులు ఇటీవల పచ్చబొట్లు పొడిపించుకొనుచున్నారు. హోసూరులోను, కృష్ణగిరిలోను, కోలారులోను పెరిగి బెంగళూరునకో చెన్నపట్టణమునకో ఉద్యోగమునకై వెళ్లిన పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినపుడు చొక్కా చేతి క్రిందనుండి ఏదో నల్లని బొమ్మ తొంగిచూచుటయు, పెద్దలు నొసలు చిట్లించుటయు సాధారణమైనది. ఇట్టి విషయమునకు మన పత్రికలో చోటేల అని కొందరు అడుగవచ్చును. చోటు కలదనియే నా అభిప్రాయము. ఏలయనగా ఆ పిల్లలలో కొందరు పొడిపించుకొన గోరుచున్నది సింహమును గాదు, గులాబిని గాదు, తెలుగు అక్షరములను.

మా మనుమరాలు బెంగళూరులో ఉద్యోగము చేయుచున్నది. రెండు నెలల క్రిందట ఒక ఆదివారము రాత్రి నా ఫోనునకు ఒక చిత్రము పంపి, "తాతా, ఇది సరింగా ఉండాదా?" అని అడిగినది. కీర్తిశేషురాలైన నా ఇల్లాలిని ఆ పిల్ల 'అవ్వా' అని పిలిచెడిది. ఆ అవ్వ జ్ఞాపకముగా తన మొదటి పచ్చబొట్టు పొడిపించుకొన నిశ్చయించినదట. ముంజేతి లోపలివైపున 'అవ్వ' అను మాట, దాని క్రింద అవ్వ చేతిపై ఉండిన ఐదు చుక్కలు. మరునాడు ఉదయము పది గంటలకు సూది పడవలసియున్నది.

దుకాణమువారు సిద్ధము చేసిన ఆ నమూనాలో అకారము చక్కగా ఉన్నది. తరువాత పొల్లుతో ఒక వకారము, దాని ప్రక్కన విడిగా మరియొక వకారము. ఒత్తు లేదు. అవ్వ కాస్తా 'అవ్‌వ' అయి కూర్చున్నది. నేను వెంటనే ఫోను చేసి ఆపించితిని. ఆ రాత్రి నేను త్వరగా నిద్రపోయి యుండినచో ఆ పొల్లు మా పిల్ల చేతిపై ఆమె బ్రతికినంత కాలము ఉండెడిది.

దుకాణములోని కుర్రవానికి హిందీయు, కొలదిగా కన్నడమును వచ్చునట. అతనికి ఆ అక్షరములు బొమ్మలు మాత్రమే. కాని మా మనుమరాలికి సందేహమేల కలుగలేదు? ఇంటిలో తడుముకొనకుండ తెలుగు మాటలాడునే! ఈ ప్రశ్న నన్ను రెండు దినములు పీడించినది. జవాబు ఆమె చదువులోనే ఉన్నది. ఆమెకు చదువ వచ్చిన లిపి తమిళము. తమిళమున హల్లు క్రింద హల్లు ఒదుగదు. మొదటి హల్లు నెత్తిన చుక్క పెట్టి రెండవదానిని ప్రక్కన వ్రాయుదురు. ఆ కన్నుతో చూచినవారికి 'అవ్‌వ' అనునది తప్పుగా తోపదు సరికదా, అదియే క్రమమని తోచును. పిల్ల పొరబడలేదు, తనకు నేర్పిన విధముగనే చదివినది.

2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టముతో తమిళము పాఠశాలలలో ఒకటవ తరగతినుండి వరుసగా నిర్బంధ ప్రథమభాష అయినది. మా మనుమరాలు ఆ తరువాత బడిలో చేరినది. ఆ చట్టమును గూర్చి మన సంఘము చేయవలసిన వాదన చేసినది, చేయుచున్నది. దానిని ఇక్కడ మరల ఎత్తను. సాయంకాలము గంటసేపు పలక ముందు పెట్టి పిల్లచేత ఓనమాలు దిద్దింపరాదని ఏ చట్టమును చెప్పలేదు. ఆ పని నాది. నేను చేయలేదు.

ఇక ఒత్తు ఏల జారినదో చెప్పెదను. ఇది తెలిసియుండుట పలువురకు ఉపయోగము. రోమను లిపిలో అక్షరము ప్రక్క అక్షరము నిలిచిన చాలును. తెలుగున ఒత్తు క్రిందికి దిగును, గుడి పైకెక్కును, ఏత్వము తలకట్టును తొలగించి తాను కూర్చుండును. ఈ కూర్పు నెరుగని చిత్రలేఖన సాధనములలో తెలుగు మాట నతికించినచో ఏ ముక్కకా ముక్క విడిపోవును. 'అమ్మ' పోయి 'అమ్‌మ' వచ్చును. 'లక్ష్మి' మూడు తునుకలై 'లక్‌ష్‌మి' యగును. కంప్యూటరు తప్పు చేయదను నమ్మకముతో ఆ తునుకలనే కాగితముపైకి దింపి, కాగితమునుండి చర్మముపైకి అద్దుదురు. కన్నడసీమలోని మన పిల్లలకు ఒత్తు తెలియును గాని అక్కడ వేరొక చిక్కు కలదు. ఆ లిపియు మన లిపియు తోబుట్టువులగుటచే, తెలుగు తలకట్టునకు బదులు కన్నడపు అడ్డగీత వచ్చి కూర్చున్నను చూచినవాడు గుర్తింపడు. సోలాపురములోను బరంపురములోను ఉన్న మనవారి పిల్లలు నాగరి, ఒడియా లిపులలో చదువుకొన్నవారు. వారి కన్ను ఏ తప్పును దాటవేయునో అక్కడి పెద్దలు చెప్పవలెను.

మరియొక సంగతి. చర్మములో దిగిన సిరా ఏండ్లు గడచుకొలది అంచులకు కొంచెము కొంచెముగా పాకును. మన అక్షరములన్నియు గుండ్రనివి, కడుపులో ఖాళీ గలవి. థకారమునకును ధకారమునకును భేదమంతయు కడుపులోని ఒక్క చుక్కయే. సున్నను, గుడిని గోరంత ప్రమాణమున పొడిపించినచో ముప్పది యేండ్లకు అవి మూసుకొనిపోయి మచ్చలగును. చిన్నగా, ముచ్చటగా ఉండవలెనని కోరుట సహజమే. అట్టివారు సున్నలు, ఒత్తులు తక్కువగా ఉన్న మాట నెన్నుకొనుట మేలు. లేదా అక్షరమును కొంత పెద్దదిగా వ్రాయింపవలెను.

ఇంతవరకు చదివి, "అసలీ పాడు అలవాటు మనకేల?" అని అడుగువారున్నారని ఎరుగుదును. మా ఇంటిలోనే మా అబ్బాయి, "ఇది మన ఇంటా వంటా లేదు" అన్నాడు. నేనును తల ఊపితిని. మరుక్షణమున నవ్వు వచ్చినది. వాని తల్లి చేతిపై ఐదు చుక్కలుండెను. నా తల్లి ముంజేతిపై తేలును, మోచేతి దగ్గర ముగ్గును ఉండెడివి. చనిపోయినపుడు ఒంటిమీది నగలన్నియు తీసివేయుదురు, ఇదొక్కటే వెంట వచ్చునని మా అమ్మ చెప్పెడిది. తమిళులు పచ్చై అనియు, కన్నడిగులు హచ్చె అనియు, మహారాష్ట్రులు గోందణ్ అనియు, ఒడియావారు చితా అనియు పిలుచునది ఇదియే. మనము ఏ సీమకు వచ్చి స్థిరపడినను ఈ ఆచారము మనకంటె ముందుగా అక్కడ ఉన్నది. లేదా మనవెంట వచ్చినది.

బుట్టలమ్ముచు, సోది చెప్పుచు ఊరూర తిరిగిన ఎరుకల స్త్రీలు, తమిళ గ్రామములలో కురత్తులు, ఈ పని చేసెడివారు. థర్‌స్టను 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణదేశపు కులజాతుల గ్రంథమున ఈ వృత్తి ప్రస్తావన కలదు. దీపపు మసిని ఆకుపసరుతోనో చనుబాలతోనో నూరి, సూదుల కట్టతో పొడిచి, పైన పసుపు నద్దెడివారు. మసి నల్లనిదే అయినను చర్మము క్రిందనుండి చూచినపుడు నీలియాకుపచ్చగా తోచును. పచ్చబొట్టు అను పేరు అందుచేతనే. కూలి కొంత ధాన్యము, ఒక పాత చీర. మన అవ్వల చేతులను అలంకరించిన ఆ జాతినే ఆంగ్ల ప్రభుత్వము నేరస్థజాతుల చట్టము క్రింద చేర్చి పోలీసు పహరాలో ఉంచినది. 1871లో పుట్టిన ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు. పచ్చబొట్టును చూచి మనలో కొందరు చిట్లించుకొను మొగమునకు మూలము శుభ్రతపై శ్రద్ధయా, ఆ చేతులపై చులకనయా అని నాకొక అనుమానము. అద్దాల దుకాణములో వేలకొలది రూపాయలు తీసుకొని పొడిచినచో కళ యనియు, గుడిసె ముందర పొడిచినచో మోటు యనియు అనుట న్యాయము గాదు.

అట్లని పాతదంతయు మేలని చెప్పను. ఒకే సూదుల కట్టతో వీధివీధినంతటిని పొడిచిన కాలమది. ఒకరి రక్తమంటిన సూది మరియొకరికి తగిలినచో కామెర్ల వ్యాధులలో బి, సి రకములును, హెచ్.ఐ.వి.యు సోకవచ్చును. బి రకమునకు టీకా కలదు. ఆరు నెలలలో మూడు మారులు వేయుదురు. సి రకమునకు టీకా లేదు. కాబట్టి మొదటి పచ్చబొట్టునకు వెళ్లు పిల్లలతో పెద్దలు కలహించుటకు బదులు వెంట వెళ్లి నాలుగు ప్రశ్నలు వేయుట మంచిది. సూదిని మన కండ్లయెదుట క్రొత్త పొట్లమునుండి తీసిరా? సిరాను చిన్న గిన్నెలో అప్పటికప్పుడు పోసి, మిగిలినదానిని పారవేయుదురా? చేతులకు క్రొత్త తొడుగులు వేసికొనిరా? ఆ సిరా ఎక్కడ తయారైనది? ఈ చివరి ప్రశ్న చిన్నది గాదు. సిరాలలో భారలోహములు కనబడినవనియు, వీనికి ప్రమాణములు నిర్ణయింపుడని కేంద్రమును కోరెదమనియు 2025లో కర్ణాటక ఆరోగ్యశాఖ మంత్రియే ప్రకటించిరి. మధుమేహము గలవారు, రక్తము పలుచబడు మందులు వాడువారు, గాయము మానిన చోట మచ్చ ఉబ్బి పెరుగు తత్త్వము గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. ఖాళీ కడుపుతో పోరాదు. పొడిపించుకొన్న పిమ్మట రెండు మూడు వారములు ఈతకు దిగరాదు, ఎండ తగులనీయరాదు, ఊడివచ్చు పొట్టును గిల్లరాదు. పసుపు, ఆముదము వంటి మన వంటింటి వైద్యమును ఈ పచ్చిపుండుపై ప్రయోగింపకుండుట మేలు. కొన్ని నెలలవరకు రక్తదానమునకు తీసికొనరు.

సైన్యమున చేరగోరు కుర్రవాండ్రు మరింత జాగ్రత్త వహింపవలెను. భారతసైన్యపు నియమముల ప్రకారము మోచేతినుండి మణికట్టువరకు లోపలివైపునను, అరచేతి వెనుకవైపునను మాత్రమే శాశ్వతపు పచ్చబొట్టునకు అనుమతి. గిరిజనులకు వారి ఆచారమునుబట్టి మినహాయింపు కలదు. కేంద్ర సాయుధ పోలీసు దళములవారు ముంజేతులలో వందనము చేయు కుడిదానిని విడిచి ఎడమదానికే అంగీకరింతురు. అదియు ఆ భాగములో నాలుగవవంతునకు తక్కువగా ఉండవలెను. మెడపై తల్లిపేరు వ్రాయించుకొని, పిదప పరుగుపందెములో నెగ్గియు వైద్యపరీక్షలో తిరిగి రావలసివచ్చిన కుర్రవాని బాధ ఊహించుకొనుడు.

చెరిపించుకొనవచ్చును గదా అందురేమో. సూది చర్మపు లోపలి పొరలో సిరాను నింపును. అక్కడి రక్షకకణములు దానిని మ్రింగి పట్టుకొనును. అవి చచ్చి విడిచిన రంగును క్రొత్త కణములు మరల పట్టుకొనునని 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగములలో చూపిరి. ఆ పట్టును విడిపించుటకు లేసరు కిరణములతో పలుమార్లు కాల్పించుకొనవలెను. పొడిపించుకొన్న ఖర్చుకంటె అది హెచ్చు. పత్రికలో అచ్చుతప్పు పడినచో వచ్చే వారము సవరణ వేయుదుము. ఇక్కడ ఆ వసతి లేదు.

అందుచే నా మాట యిది. తన చేతితో తాను వ్రాయలేని తెలుగు మాటను ఎవరును మేన వ్రాయించుకొనరాదు. చుక్కలు, ముగ్గు, తేలు ఎవరికైనను తగును. మా అమ్మకు అక్షరము రాదు, కాని తన చేతిపై ఉన్న ప్రతి గీతకును అర్థము చెప్పగలిగెడిది. అక్షరమునే కోరువారు ముందుగా దానిని నేర్వవలెను. మాట ఒక్కటియే కావచ్చును, దానికి వారము చాలును. పెద్దలు వద్దనుటకు బదులు ఆ వారము దినములు పలక పట్టుకొని కూర్చుండవలెను. మన సంఘమువారికి ఒక విన్నపము కూడ కలదు: ఎవరైన పొడిపించుకొనబోవు మాట నమూనాను తెచ్చినచో తప్పొప్పులు చూచి పంపుటకు ఇద్దరు పెద్దలను నియమింపుడు. ఇందులకు నిధి అక్కరలేదు, కండ్లద్దములున్న చాలును.

మా మనుమరాలు ఆ సోమవారమునాడు పొడిపించుకొనుట మానినది. తరువాతి వారము ఇంటికి వచ్చి తన పెట్టెలోనుండి ఒక పాత కవరు తీసి నాకు చూపినది. ఏదో సంక్రాంతికి అవ్వ అందులో నూరు రూపాయలుంచి యిచ్చినది. పైన నా ఇల్లాలి చేతివ్రాత: 'అవ్వ దీవెనలు'. ఇన్నేండ్లు దాచుకొన్న పిల్ల దానిని ఎన్నడును చదువలేదు. ఏమి వ్రాసి యున్నదని నన్ను అడుగలేదు. అవ్వ తన పేరు వ్రాసినదనుకొన్నదట.

ఇప్పుడామె ఆ కవరుపై ఉన్న అక్షరములనే పొడిపించుకొనదలచినది. సెలవు దొరకిన ప్రతి శనివారము ఇంటికి వచ్చి దిద్దుచున్నది. మూడు పుటలు నిండినవి. కామెర్ల టీకా మొదటి మోతాదు వేయించుకొన్నది. అకారము బాగుగా కుదిరినది, దీవెనలలోని ఎత్వమునకును గుడిదీర్ఘమునకును గల భేదము చెప్పగలుగుచున్నది. వకారపు ఒత్తు మాత్రము ఇంకను కొంచెము కుడికి జారుచున్నది.