ఘాట్ రోడ్డులో తల్లి ఒడి చాలదు



పాడేరు నుండి విశాఖపట్నానికి కారులో బయలుదేరే కుటుంబాలను గమనించండి. ముందు సీట్లో తల్లి, ఆమె ఒడిలో చంటిబిడ్డ. వెనుక సీట్లో పెద్ద పిల్లలు నిలబడి కిటికీలోంచి చూస్తుంటారు. ఇదేమిటని అడిగితే, "ఘాట్‌లో మెల్లగానే పోతాం కదా సిస్టరు గారూ" అంటారు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికో గుద్దుకుని రెప్పపాటులో ఆగిపోయిందనుకోండి. 10 కిలోల బిడ్డ 100 కిలోలకు మించిన బరువున్నట్టుగా ముందుకు దూసుకుపోతుంది. ఎంత ప్రేమ ఉన్నా ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టినా బిడ్డ నలిగిపోతుంది.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. వారిలో ఒక పసిపాప ఉంది. 2023 ఆగస్టులో మన పాడేరు ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు లోయలోకి పోయి ఇద్దరు చనిపోయారు. మలుపులు, పొగమంచు మన చేతిలో లేవు. బిడ్డను ఎక్కడ, ఎలా కూర్చోబెట్టాలన్నది మన చేతిలో ఉంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, చైల్డ్ సీటు గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. మోటారు సైకిలుపై నాలుగేళ్లలోపు బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ పెట్టాలి, వేగం 40 కిలోమీటర్లు మించరాదు. ఈ నిబంధన 2023 నుండి అమలులో ఉంది.

కారు ఉన్నవారు ఈ జాగ్రత్తలు పాటించండి:

- పిల్లల చోటు వెనుక సీటే. ఎయిర్ బ్యాగు ఉన్న ముందు సీటు చంటిబిడ్డకు మరీ ప్రమాదం.
- కనీసం రెండేళ్లు వచ్చేవరకు, కారు వెనుక వైపుకు ముఖం ఉండేలా బిగించే చైల్డ్ సీటు వాడండి.
- మలుపుల్లో పిల్లలకు వాంతులు వస్తే తల కిటికీ బయట పెట్టించకండి. వెడల్పైన చోట బండి ఆపండి. బయలుదేరే ముందు తేలికగా తినిపించి, ఒక కవరు దగ్గర ఉంచుకోండి.

చైల్డ్ సీటు ఖరీదు అంటారు. కారుకు సీటు కవర్లు, పాటల పెట్టె కొన్నప్పుడు ఆ మాట రాలేదే! బిడ్డ పుట్టినప్పుడు బంధువులు తెచ్చే వెండి గిన్నెల బదులు అందరూ కలిసి ఒక సీటు కొనివ్వవచ్చు. అది నాలుగేళ్లు బిడ్డను కాపాడుతుంది.

మనలో ఎక్కువమందికి కారు లేదు, జీపే గతి. జీపులో బెల్టులు ఉండవు. అయినా బిడ్డను అంచున గాని, డ్రైవరు పక్కన గాని కూర్చోబెట్టకండి, లోపలి సీట్లో మధ్యలో ఉంచుకోండి. కిక్కిరిసిన బండిని వదిలేసి తర్వాతి దానికి ఆగండి. సంతకు గంట ఆలస్యమైతే బేరం పోతుందేమో, అంతే. పెళ్లికైనా పండుగకైనా బండి మాట్లాడే పెద్దలు ముందుగా ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టి, ఆ తరువాతే బేరం ఆడాలని నా మనవి.