విశ్రాంతి సరే, పస్తు ఎందుకు?

గుడ్ల కోసం పెంచే లేయర్ పెట్ట ఐదు నెలలకు గుడ్డు పెట్టడం మొదలెడుతుంది. డెబ్బై వారాలు దాటేసరికి గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది. అప్పుడు రైతు మందను మాంసానికి అమ్మి కొత్త పిల్లలను తేవాలి, లేదా ఉన్న కోళ్లకే మోల్టింగ్ చేయించి, ఈకలు రాలి కొత్తవి వచ్చాక రెండో విడత గుడ్లు తీయాలి. మోల్టింగ్‌కు పాత పద్ధతి పది, పద్నాలుగు రోజులు దాణా ఆపి, షెడ్డులో వెలుతురు తగ్గించడం.

రైతు లెక్క కొట్టిపారేయదగ్గది కాదు. కొత్త పిల్లలను కొని, గుడ్డు లేని ఐదు నెలలూ మేపే ఖర్చు తప్పుతుంది. బరువు పాతిక, ముప్పై శాతం తగ్గిన పెట్టలో అండాశయం, అండనాళం కుంచించుకుపోయి, తిరిగి ఎదుగుతాయి. గుడ్ల సంఖ్య మొదటి విడత స్థాయిని అందుకోకపోయినా పెరుగుతుంది, పెంకూ గట్టిపడుతుంది. పైగా లేయర్ జాతిలో మగపిల్లలను పుట్టగానే చంపేస్తారు. ఒక మందను ఎక్కువ కాలం ఉంచితే ఆ చావులూ కొంత తగ్గుతాయి.

పొదిగే పెట్ట కూడా సరిగా తినదు కదా అంటారు. నిజమే, కానీ దానికప్పుడు ఆకలే తగ్గుతుంది. గింజలు దగ్గరే ఉన్నా పెద్దగా ముట్టదు. కేజ్‌లో పస్తున్న పెట్ట ఖాళీ తొట్టిని పొడుస్తూనే ఉంటుంది. బలహీనమైనవి చనిపోతాయి. పస్తున్న కోళ్లకు, గుడ్ల ద్వారా మనుషులకూ సోకే సాల్మొనెల్లా ఎంటరైటిడిస్ బాక్టీరియా సులువుగా సోకుతుందనీ, రెట్టలో ఎక్కువగా బయటపడుతుందనీ అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనల్లో తేలింది. గుడ్డు తినేవాళ్లకూ ఇది పట్టించుకోవలసిన విషయమే.

పస్తు పెట్టకుండానూ మోల్టింగ్ చేయవచ్చు. గోధుమ పొట్టు వంటి పీచు ఎక్కువ, శక్తి తక్కువ ఉన్న దాణాతోనూ గుడ్లు ఆగుతాయి. అమెరికాలోని గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం యునైటెడ్ ఎగ్ ప్రొడ్యూసర్స్ 2006 నుంచి దాణా నిలిపివేతను తన ప్రమాణాల్లోంచి తీసేసింది. మన జంతు సంక్షేమ మండలి కూడా పస్తు మోల్టింగ్ 1960 నాటి జంతు హింస నిరోధక చట్టానికి విరుద్ధమని 2011లో చెప్పింది. దాణా మార్చే దారిలోనూ చిక్కులున్నాయి. గుడ్లు ఆగడం ఆలస్యం కావచ్చు, అన్ని పెట్టలూ ఒకేసారి ఆపవు, కడుపు నిండినా ఆకలి పూర్తిగా తీరుతుందనలేం.

అయినా తూకం ఇటే మొగ్గుతుంది. రైతు చెప్పే లాభాలన్నీ పెట్టకు దొరికే విరామం వల్ల వచ్చేవి, హాని ఎక్కువగా పస్తు వల్ల వచ్చేది. మోల్టింగ్ మొత్తాన్నీ తప్పుపట్టనక్కర్లేదు. దాణా మార్చి, బరువు తూస్తూ, నీరసించిన వాటిని వేరుచేసి చేయవచ్చు. ఆ కాస్త అదనపు శ్రమ, ఖర్చు గుడ్డు ధరలో కలిస్తే కొనేవాళ్లూ భరించాలి.