థియేటర్ బయట తొందర, లోపల నిదానం

"ఈ వయసులో అమ్మ మత్తు తట్టుకుంటుందా డాక్టరుగారూ?"

మత్తు వైద్యుడిగా ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నేను తరచూ వినే ప్రశ్న ఇది. ఆ మధ్య ఇలా అడిగిన కొడుకు కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. వాళ్లమ్మకు 78 ఏళ్లు. తెల్లవారుజామున బాత్రూములో కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. మా దగ్గరికి వచ్చేసరికి ఆరో రోజు. మొదటి రోజు నాటుకట్టు కట్టిద్దామని బంధువులన్నారు. రెండో రోజు గుండె స్కానింగ్ కోసం గడిచింది. స్టెంట్ వేసినప్పటి నుంచి వాడుతున్న రక్తం పలచబరిచే మాత్ర ప్రభావం తగ్గితే గానీ వెన్నులో సూది వేయలేమని ఇంకో ఆసుపత్రిలో మూడు రోజులు ఆపారు. డాలస్‌లో ఉన్న పెద్దకొడుకు వచ్చేదాకా ఆగుదామన్నారు ఇంట్లోవాళ్లు. ఇన్ని ఎదురుచూపుల మధ్య ఆమె వెల్లకిలా పడుకునే ఉంది. ఛాతీలో కఫం చేరింది. నడుము కింద చర్మం కమిలింది. బెడ్‌పాన్ పెట్టినప్పుడల్లా నొప్పితో ప్రాణం పోతోందని మంచినీళ్లు తాగడమే మానేసింది.

అదే ప్రశ్న అయిదు రోజుల ముందు అడిగి ఉంటే నేను ఇంకాస్త ధైర్యం చెప్పగలిగేవాణ్ని.

పెద్దవాళ్ల ఆపరేషన్ల విషయంలో మనం కాలాన్ని తారుమారు చేస్తున్నాం. థియేటర్ బయట గంటల్లో తేలాల్సిన పనికి రోజులు తీసుకుంటున్నాం. లోపల నిమిషాలపాటు ఆగాల్సిన చోట, తర్వాతి కేసు వేచి ఉందని పరిగెడుతున్నాం. మత్తు మందు మీద పడే నిందలో చాలా భాగం నిజానికి ఈ తారుమారుకు చెందాలి.

తరిగేది నిల్వ

వృద్ధాప్యం జబ్బు కాదు. వరండాలో కూర్చుని పేపరు చదువుకునేంత వరకూ ముసలి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు తమ పని చేసుకుపోతూనే ఉంటాయి. తరిగిపోయేది ఆపదకు దాచుకున్న శక్తి. గాదె అడుగంటిన సంగతి కరువు ఏడాదిలో బయటపడినట్టు, ఆ లోటు ఆపరేషన్ రోజున బయటపడుతుంది.

నిద్రపుచ్చే ప్రొపోఫాల్ మందు కుర్రాడికి కిలో బరువుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు పడుతుంది. వృద్ధులకు 1 నుంచి 1.5 సరిపోతుంది. పీల్చే మత్తు మందు అవసరం 40 ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకూ సుమారు 6 శాతం తగ్గుతూ పోతుంది. మోతాదు తగ్గించాలని మత్తు వైద్యులందరికీ తెలుసు. కష్టమల్లా ఓపిక పట్టడమే. వయసు మళ్లిన ఒంట్లో రక్తప్రసరణ నెమ్మదిస్తుంది. చేతి నరంలోకి ఎక్కించిన మందు మెదడుకు చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. 'ఇంకా నిద్రపోలేదే' అని మరికాస్త ఎక్కిస్తే, ముందుదీ వెనకదీ కలిసి ఒక్కసారే పనిచేస్తాయి. బీపీ దబ్బున పడిపోతుంది. కుర్రాడి గుండె వేగం పెంచుకుని దాన్ని కాచుకుంటుంది. వృద్ధుల గుండె అంత చురుగ్గా స్పందించదు, గట్టిపడిన రక్తనాళాలూ సర్దుకోలేవు. ఒక్క నిమిషం ఆగితే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

మూత్రపిండాల సంగతి మరీ మోసపూరితం. 40 దాటాక వడపోత సామర్థ్యం ఏటా నిమిషానికి దాదాపు 1 మిల్లీలీటరు చొప్పున తగ్గుతుంది. అయితే కండ కూడా కరుగుతుంది కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు 'నార్మల్' అనే వస్తుంది. ఆ కాగితాన్ని నమ్మి నొప్పి మందులు వేస్తే వాటిలో కొన్ని ఒంట్లోనే నిలిచిపోతాయి. ఊపిరితిత్తుల్లో చిన్న గాలి గొట్టాలు పడుకోబెట్టగానే మూసుకుపోతుంటాయి, అందుకే మత్తుకు ముందు మాస్కుతో మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పించడం తప్పనిసరి. ఏసీ గదిలో ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, వణుకు మాత్రం ఆలస్యంగా పుడుతుంది. ప్లాస్టర్ గబుక్కున లాగితే దానితోపాటు చర్మం ఊడి వస్తుంది. లోపల నిదానం అంటే ఇదంతా.

ఏ మత్తు మంచిది?

"పూర్తి మత్తు వద్దు, నడుముకే ఇవ్వండి" అని చాలా కుటుంబాలు పట్టుబడతాయి. పూర్తి మత్తిస్తే పెద్దవాళ్లు లేవరని ఒక భయం. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిపై జరిగిన రీగెయిన్ పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 60 రోజుల్లోగా చనిపోయినవారు, మరొకరి సాయం లేకుండా నడవలేకపోయినవారు కలిపి వెన్ను మత్తు బృందంలో 18.5 శాతం, పూర్తి మత్తు బృందంలో 18 శాతం. ఆపరేషన్ తర్వాత మతి తప్పడంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాంటప్పుడు వెన్ను మత్తే కావాలని, మాత్ర ప్రభావం పోయేదాకా రోగిని రోజుల తరబడి మంచానికి కట్టేయడంలో న్యాయం లేదు. ఆ పెద్దావిడకు మొదటి రోజే పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి ఉండవచ్చు.

మత్తు మందు మీద వాదనలు హైదరాబాద్‌కు కొత్తవి కావు. క్లోరోఫాం ముందు శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్నది తేల్చడానికి 1888, 1889లలో ఆరో నిజాం ప్రభుత్వ ఖర్చుతో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఇక్కడ రెండు కమిషన్లు నడిపారు. గుండెకు నేరుగా ముప్పు లేదన్న ఆ తీర్మానం తర్వాత తప్పని తేలింది. మత్తులో ఉన్న మనిషి శ్వాసను కళ్లార్పకుండా కనిపెట్టుకుని ఉండాలన్న ఆయన పట్టుదల మాత్రం ఇప్పటికీ మాకు పాఠమే. మందు ఏదైనా కాపాడేది ఆ కాపలాయే.

రెండో రాత్రి

ఆపరేషన్ బాగా జరిగింది. రెండో రాత్రి ఆ పెద్దావిడ సెలైన్ గొట్టం పీకేసుకుంది. "గేదె అరుస్తోంది, పాలు పితకాలి, నన్ను లేవనివ్వండి" అని కేకలు. ఆ గేదెను అమ్మేసి ఇరవై ఏళ్లయిందట. వార్డులో చేతులు గాజుగుడ్డతో మంచానికి కట్టారు. నిద్ర సూది వేయబోతుంటే కబురొచ్చి వెళ్లాను. "అమ్మకి మతి పోయింది, మత్తు తలకెక్కింది" అని ఏడుస్తున్నాడు కొడుకు.

దీన్ని డెలీరియం అంటారు. మత్తే దీనికి కారణమన్న అనుమానం పాతదే. 1955లోనే బెడ్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లు మునుపటి మనుషులు కాలేదన్న కుటుంబాల ఫిర్యాదులను పరిశీలించి లాన్సెట్ పత్రికలో రాశారు. పెద్ద ఆపరేషన్లు జరిగిన 60 ఏళ్లు పైబడినవారిపై 1998లో వచ్చిన అధ్యయనం, వారం తర్వాత 25.8 శాతం మందిలో, మూడు నెలల తర్వాత కూడా 9.9 శాతం మందిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గినట్టు గుర్తించింది. కారణం మత్తు మందు ఒక్కటే అనుకోవడం పొరపాటు. నొప్పి, ఇన్ఫెక్షన్, నీరు తగ్గడం, మలబద్ధకం, నిద్రలేమి, కొత్త చోటు, అన్నీ కలిసి మెదడును తికమక పెడతాయి. నిద్ర సూది దాన్ని ఇంకా పెంచుతుంది. మిడజోలం, పెథిడిన్ లాంటివి వృద్ధులకు వీలైనంతవరకు వద్దని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ జాబితా చెబుతోంది.

ఆ రాత్రి కట్లు విప్పించాం. ఆమె కళ్లజోడు ఎక్కడని అడిగితే, థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు తీసి కట్టుడు పళ్లతోపాటు డబ్బాలో పెట్టారట, రెండు రోజులుగా అక్కడే ఉంది. మనవరాలు కళ్లజోడు పెట్టి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "నానమ్మా, ఇది ఆసుపత్రి, నేను నీ దగ్గరే ఉన్నా" అని పదేపదే చెప్పింది. నొప్పికి నరాల మీద మత్తు సూది వేశాం. తెల్లవారుజామున నిద్రపోయింది. ఇది చిట్కా వైద్యం కాదు. అమెరికాలో 70 దాటిన 852 మంది వార్డు రోగులతో షారన్ ఇనోయే బృందం 1999లో ఇలాంటి సేవలనే పరీక్షించింది. కళ్లజోడు, వినికిడి యంత్రం, నీళ్లు, నడక, నిద్ర, పలకరింపు. డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది.

వయసు కాదు, నడక

కెనడాలో రాక్‌వుడ్ బృందం 2005లో రూపొందించిన బలహీనత కొలమానం అడిగేవి ఇంటి విషయాలే. కింద పడకముందు బజారుకు వెళ్లొచ్చేవారా? స్నానం సొంతంగా చేసుకునేవారా? పొలం గట్టున నడిచే 85 ఏళ్ల రైతు, ఇల్లు కదలని 66 ఏళ్ల రోగి కన్నా బాగా తట్టుకోవచ్చు. ఈ అంచనా ప్రతి పెద్దవారి కేసు షీటులోనూ ఉండాలి. ఆగాల్సిన సందర్భాలూ ఉన్నాయి. గుండె వైఫల్యంతో నీరు పట్టి ఆయాసపడుతున్నా, సోడియం బాగా పడిపోయినా కొన్ని గంటలు ఆగి సరిచేయాల్సిందే. చివరి దశలో ఉన్నవారికి కోత వద్దనే నిర్ణయమూ సరైనదే కావచ్చు, ముందుగా వారినే అడగాలి. కాగితాల కోసం, బంధువుల కోసం ఆగడానికి మాత్రం వైద్యకారణం లేదు. భారత్ సహా 17 దేశాల్లో జరిగిన హిప్ అటాక్ అధ్యయనంలో నిర్ధారణ నుంచి ఆపరేషన్‌కు పట్టిన సమయం త్వరపడిన బృందంలో సుమారు 6 గంటలు, మామూలు బృందంలో 24 గంటలు. మరణాలు తగ్గలేదు, డెలీరియం తగ్గింది. అక్కడ ఆలస్యం అంటే 24 గంటలు. మన దగ్గర ఆరు రోజులు.

2022లో దేశ జనాభాలో 60 దాటినవారు 10.5 శాతం, 2050కి 20.8 శాతమవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. అంటే మన ఇళ్లు ఇంకా త్వరగా ముసలివవుతాయి. 2024 అక్టోబరు నుంచి కేంద్రం 70 దాటిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ కార్డు ఇస్తోంది. డబ్బు అడ్డు కొంత తొలగింది. ఇక చూడాల్సింది గడియారం. ఇంగ్లండ్ 2010 నుంచి తుంటి ఆపరేషన్ 36 గంటల్లోగా చేసి, వృద్ధుల వైద్యుడు కలిసి చూసిన ఆసుపత్రులకు అదనపు చెల్లింపు ఇస్తోంది. మన ఆరోగ్య పథకాలు కూడా అలాంటి షరతే పెట్టాలి. అనుమతి గంటల్లో రావాలి. క్యాజువాలిటీలోనే తుంటికి నొప్పి తగ్గించే నరాల మత్తు ఇవ్వాలి. రికవరీ గదిలో కళ్లజోడుతో ఒక మనిషిని పక్కన కూర్చోనివ్వాలి. వృద్ధుల కేసుకు థియేటర్‌లో కేటాయించే సమయం పెరగాలి.

ఆ పెద్దావిడ కఫంతో ఇంకో పది రోజులు మంచంలోనే ఉంది. పదకొండో రోజు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. తిన్నగా కాకపోయినా వేసింది. మొదటి రోజే వచ్చి ఉంటే ఆ నాలుగడుగులు మూడో రోజునే వేసేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు పడితే, "మత్తు తట్టుకుంటారా?" అన్న ప్రశ్న తర్వాత అడగండి. "ఎంత త్వరగా చేస్తారు?" అన్నది ముందు అడగండి. నిదానంగా ఇవ్వడం మా పని, ఆ పని సరిగ్గా చేస్తున్నామో లేదో కూడా మమ్మల్ని అడగండి.