మన ఆడపిల్ల చేతికి కెమెరా

మన నికా దావతుల్లో ఒక విచిత్రం ఉంది. జనానా వైపు దగ్గరి మగ చుట్టాలు కూడా అడుగు పెట్టరు. మెడలో కెమెరా వేసుకున్న పరాయి కుర్రాడు మాత్రం దుల్హన్‌ను దుపట్టా సర్దుకోమంటూ అక్కడే తిరుగుతుంటాడు. అదే ఇంటి ఆడపిల్ల ఫొటోగ్రఫీ నేర్చుకుంటానంటే అందరికీ పర్దా గుర్తొస్తుంది.

తస్వీర్ జాయిజా కాదా అన్న మసలాలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. దాన్ని తేల్చడానికి నేను ఆలిమ్‌ను కాను. తస్వీరే వద్దనుకునే ఇళ్ళ మీద నాకు ఇజ్జత్ ఉంది. నా మాటంతా ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ఇచ్చే ఇళ్ళతోనే.

పామిడిలో మా భాంజీకి ఈ షౌక్ పట్టుకుంది. ఆమెకు నేను చెప్పిన మొదటి పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారీ నక్షాలు గీసే నౌకరీ చేశారు. కెమెరా పట్టింది ముప్ఫై ఏళ్ళకు. కోటలు, మందిరాలు తీసినప్పుడు ఆ నక్షాలు గీసిన కన్ను తెలిసిపోతుంది. తర్వాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ అయ్యారు. నిజాం ఇచ్చిన ఖితాబు ‘ముసవ్విర్ జంగ్’.

1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫొటో తీసేది ఒక ఆంగ్ల మహిళ, పనిచేసేవాళ్ళూ ఆడవాళ్ళే. బేగములు పర్దా చెడకుండా తస్వీర్ తీయించుకున్నారు. 130 ఏళ్ళ కిందటే దొరికిన రాస్తా ఇది. మనం ఇంకా సోచాయిస్తున్నాం.

ఇంకో సబక్ మన కరువు నేలదే. 1876-78 నాటి కహత్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలోని మన దత్త మండలాలూ మాడిపోయాయి. అప్పుడు విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి ఎముకలు తేలిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో ఆకలి ఉంది, ఇజ్జత్ లేదు. ఇవాళ కూడా అనంతపురం అంటే నెర్రెలిచ్చిన నేల, తల పట్టుకున్న రైతు, అంతే.

మా భాంజీ ఆ దారిన పోలేదు. పామిడి అంటే నైటీలు, రెడీమేడ్ బట్టలు. ఇళ్ళలో మిషన్ల ముందు వంగి కుట్టే ఖాలాలను తీస్తుంది. ముందు పేరు అడుగుతుంది, తర్వాత ఇజాజత్. తీసింది చూపిస్తుంది, వద్దంటే అక్కడే తుడిచేస్తుంది. ఆ ఖాలాలు పరాయి కుర్రాడికి తలుపు తీస్తారా? మన ఇళ్ళ లోపలి మెహనత్ లోకానికి కనిపించాలంటే మన ఆడపిల్లే చూపించాలి.

జహేజ్ కోసం పైసా పైసా జమచేసే అబ్బాలూ, అందులో కొంత తీసి బిడ్డ హునర్‌కు ఖర్చు పెట్టండి. వచ్చే నికాలో జనానా వైపు ఫొటోల పని మన మొహల్లా ఆడపిల్లకు అప్పగించండి. బయటివాళ్ళకిచ్చే మజూరీ ఆమెకూ పూర్తిగా ఇవ్వండి. ‘మన పిల్లే కదా’ అని దువాలతో సరిపెట్టకండి.