బండి మనది, సమాచారం కంపెనీది

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగిందంటే చాలామంది కంగారుపడి కారును నేరుగా షోరూముకు తోలుకుపోతారు. స్టీరింగు కింద, డ్రైవరు మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. బజారులో చవగ్గా దొరికే స్కానర్ అందులో గుచ్చి ఫోనుకు కలిపితే, బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్ ఇంటి ముందే కనబడుతుంది.

కోడ్ తెలిసినంత మాత్రాన రోగం తెలిసినట్టు కాదు. పి0420నే తీసుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని దాని అర్థం. కన్వర్టర్ మార్చేస్తే బిల్లు వాచిపోతుంది. అయితే వెనక ఆక్సిజన్ సెన్సర్ పాడైనా, పొగ గొట్టం అతుకు దగ్గర లీకైనా అదే కోడ్ రావచ్చు. కాబట్టి ముందు లీకు చూసుకోవాలి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, స్కానర్‌లో వెనక సెన్సర్ వోల్టేజీ గమనించాలి. కన్వర్టర్ బాగుంటే ఆ అంకె దాదాపు నిలకడగా ఉంటుంది. అదేపనిగా పైకీ కిందికీ ఊగుతుంటేనే కన్వర్టర్‌ను అనుమానించాలి.

ఇంతవరకు చూసుకున్న మనిషి సర్వీస్ అడ్వైజర్‌ను ‘ఏం పరీక్ష చేసి ఈ పార్టు మార్చమంటున్నారు?’ అని నిలదీయగలడు. ఇంటి పరీక్షకున్న అసలు విలువ ఇదే. రెంచి పట్టి మిగుల్చుకునే డబ్బు తర్వాతి మాట. ఎయిర్ ఫిల్టర్, వైపర్లు ఎవరైనా మార్చుకోవచ్చు. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు హైవోల్టేజీ కేబుళ్ల జోలికి మాత్రం శిక్షణ లేనివాళ్లు పోకూడదు, ప్రాణాల మీదికొస్తుంది.

ఇల్లా, షోరూమా అన్న వాదనలో మనం మరిచిపోయేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పనిచేసే మెకానిక్‌ను. చేతిలో పనితనం ఉన్నా, కొత్త మాడ్యూల్ బిగించాక దాన్ని బండికి జతచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరే ఉంటే ఆయన ఏం చేయగలడు? విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటివారికి దక్కనీయలేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందనే షరతు పెట్టకూడదనీ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్రం రిపేరు హక్కుపై కమిటీ వేసి, పోర్టల్ తెచ్చింది. పోర్టల్ మంచిదే, కానీ చట్టానికి ఉండే పట్టు దానికి రాదు.

డీలర్లకు ఇచ్చే సమాచారాన్ని యజమానులకూ, బయటి మెకానిక్కులకూ న్యాయమైన ధరకు అమ్మాల్సిందేనని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే చట్టం చేసింది. మనకూ అదే కావాలి. దొంగతనాల భయం చూపే కంపెనీలకు సమాధానం ఉంది: తాళాలకు, ఇమ్మొబిలైజర్‌కు సంబంధించిన కోడ్‌లను రిజిస్టరైన మెకానిక్కులకే ఇవ్వండి. సెన్సర్ రీడింగులకూ వైరింగ్ పటాలకూ ఆ అడ్డు చెప్పకండి.